గళ్ళ కాగితం గూఢచారి

పత్రికలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. ఒక్క గూఢచారిని కూడా పట్టుకోలేదు. ఒకాయనను మాత్రం గూఢచారిని చేశాను. ఆయన చనిపోయి అప్పటికే నలభై ఏళ్ళు దాటింది.

కొత్తగా డెస్క్‌లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడం, మీరు చేసిన పెద్ద స్టోరీ ఏదన్న చెప్పుండ్రి" అని అడుగుతారు. పెద్దవి చాలానే ఉన్నాయి, సిగ్గుపడకుండా చెప్తాను. కానీ అవి మీకు పనికిరావు. ఒకటి వరద వల్ల దొరికింది, ఇంకొకటి ఒక గుమాస్తా నోరు జారితే దొరికింది. ఇది మాత్రం పూర్తిగా నా చేతులారా చేసుకున్నది. అందుకే ఇదే చెప్తాను.

ముందు నా సంగతి కొంచెం. వరంగల్ ఎడిషన్‌లో సబ్ ఎడిటర్‌గా చేరి, జిల్లా పేజీలు చూసేదాకా వచ్చాను. డెస్క్ మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే. నా వెనకాల నన్ను 'హెడ్‌మాస్టర్' అనేవాళ్ళు. ఆడమనిషి హెడ్‌మాస్టర్ ఎలా అవుతుందని దిద్దుదామనుకున్నాను గానీ, ఆ పేరు నాకే నచ్చి ఊరుకున్నాను. నెక్కొండ విలేకరి 'భారీ అగ్నిప్రమాదం' అని వార్త పంపితే, ఎన్ని గడ్డివాములు కాలాయని ఫోన్ చేసి అడిగేదాన్ని. ఒకటే అంటే 'భారీ' కొట్టేసేదాన్ని. 'అరెస్టయినవాడి పేరు వేశామంటే, వాడు విడుదలైన రోజు కూడా వేయాలి, మరిచిపోయారో మీ సంగతి చెప్తా' అని ప్రతి కొత్తవాడికీ చెప్పేదాన్ని. ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఒక సోమవారం మా ఇన్‌ఛార్జి నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. ఆయన మంచివాడే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరితోనూ గొడవ లేకుండా గడిస్తే చాలనుకునే మనిషి.

"మేడం, ఆదివారం నాడు సగం పేజీ కాళీగ ఉంటాంది. పాత ముచ్చట్లు ఏమన్న రాసి నింపరాదుండ్రి. గుళ్ళు, కోటలు మాత్రం ఒద్దు. అవి అందరు రాస్తనే ఉన్నరు" అన్నాడు.

"గూఢచారుల మీద రాస్తా" అన్నాను.

"వరంగల్‌ల గూఢచారులేంది మేడం?"

"వరంగల్‌లో కాదు సార్, పేపర్లలో."

హనుమకొండలో ఒక పాత గ్రంథాలయం ఉండేది. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ కాలంలో చెన్నపట్నం నుంచి, హైదరాబాదు నుంచి వచ్చిన పత్రికలు అక్కడ బైండు చేసి ఉండేవి. చెదలు తిన్నవి పోగా మిగిలినవి. దాన్ని చూసుకునే ఆయన రిటైరైన పంతులు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న మనిషి, తెలుగు మాత్రం అద్దినట్టు మాట్లాడేవాడు. ఎప్పుడో ఇంకేదో వెతుకుతూ ఆ బైండ్లు తిరగేస్తే నాకు ప్రతి పేజీలోనూ ఒక గూఢచారి కనిపించాడు.

ఆ రోజుల్లో పత్రికలకు గూఢచారి అంటే ఎంత ప్రేమో చెప్పలేను. మొదటి యుద్ధం అయిపోయింది, జనానికి యుద్ధవార్తల రుచి మాత్రం నాలుక మీద ఉండిపోయింది. దాన్ని గూఢచారులతో తీర్చారు. రష్యాలో విప్లవం వచ్చిన కొత్తలో గడ్డం పెంచిన ప్రతి పరదేశీ బోల్షివిక్కు గూఢచారే. కొన్నేళ్ళకు జపాను వంతు వచ్చింది. రేవుల్లో బొమ్మలమ్మేవాడు, ఫోటోలు తీసేవాడు, పళ్ళు పీకేవాడు, అందరూ ఆ దేశం పంపినవాళ్ళే. ఆ తర్వాత జర్మనులు. అమ్మాయి గూఢచారి దొరికితే ఇక ఆమె కట్టుకున్న బట్ట రంగు దాకా రాసేవారు. 'విశ్వసనీయముగా తెలియవచ్చుచున్నది' అని మొదలుపెట్టేవారు. ఎవరి వల్ల తెలియవచ్చిందో ఏ ఒక్కడూ రాయలేదు. సాక్ష్యం దొరికితే పెద్ద గూఢచారి. దొరక్కపోతే, సాక్ష్యం కూడా దొరకనంత ఘటికుడు కాబట్టి ఇంకా పెద్ద గూఢచారి. ఇట్లాంటి పని మాకు ఇవాళ కుదిరితేనా, అని నేనూ ఇన్‌ఛార్జీ నవ్వుకున్నాం.

మొదటి వారం నుంచే ఆ సగం పేజీ అంటుకుంది. పాలకుర్తి నుంచి ఒకాయన ఉత్తరం రాశాడు, తరువాయి ఎప్పుడని. చాయ్ హోటళ్ళలో ఆదివారం పొద్దున ఆ పేజీ కోసం కొట్లాడుకుంటున్నారని మా సర్క్యులేషన్ వాళ్ళు చెప్పారు. నాకు కొమ్ములొచ్చాయి. ఉన్న మాట చెప్పాలి కదా. పాత విలేకరుల అతిశయోక్తుల మీద జోకులు వేస్తూ, వాళ్ళ కంటే నేనెంత తెలివైనదాన్నో ప్రతి వారం చెప్పుకునేదాన్ని.

ఆరో వారం నా నెత్తిన పిడుగు పడింది. అప్పుడు అది నాకు లంకెబిందెలాగే కనిపించింది.

'కాజీపేట స్టేషనులో గూఢచారి పట్టుబడుట' అని హెడ్డింగు. చెన్నపట్నం పత్రిక, మొదటి పేజీ. వరంగల్ బజారుకు చెందిన ఫలానా వర్తకుడు ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయే రైళ్ళను చూస్తూ, గళ్ళు గీసిన కాగితంలో రహస్యలిపితో ఏవేవో గుర్తులు నింపుతున్నాడట. సైనికుల బండి వచ్చినప్పుడు కూడా నింపుతూనే ఉన్నాడట. పోలీసులు పట్టుకుంటే సంచిలో ఇంకా అట్లాంటి కాగితాలు పన్నెండు, విలాయతు నుంచి వచ్చిన ఉత్తరాలు రెండు దొరికాయట. ఆయన పేరు, తండ్రి పేరు, వీధి, అన్నీ వేశారు.

మన ఊరి గూఢచారి! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పంతులుగారికి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకెత్తి చదివి, "బాగున్నది గని అమ్మా, దీని తర్వాత నెలల బైండు సుత జర చూడుండ్రి. పట్టుకున్నంక ఏమైందో ఉంటది గద" అన్నాడు.

ఆ బైండు పై అరలో ఉంది. నిచ్చెన వేయాలి, దుమ్ము దులపాలి, రెండు మూడు నెలల పేజీలు ఒక్కొక్కటే తిప్పాలి. నా పేజీ శుక్రవారం మధ్యాహ్నానికి వెళ్ళిపోవాలి. అది గురువారం.

"టైం లేదు సార్" అన్నాను.

అంతే, నేను చేసిన తప్పు ఇదే. ఇంకేం లేదు. నిచ్చెన ఎక్కలేదు. అన్నేళ్ళు పిల్లలకు పాఠం చెప్పి, నా వంతు వచ్చేసరికి నిచ్చెనకు బద్ధకించాను.

ఆదివారం ఆయన పేరు ముప్పై ఆరు పాయింట్ల అక్షరాలతో వచ్చింది. 'మన ఓరుగల్లు గూఢచారి' అని పైన నేనే పెట్టాను. ఆయన పేరు ఇక్కడ రాయను. రాయవలసిన చోట రాశాను, అది తర్వాత చెప్తాను.

సోమవారం పొద్దున పదకొండు గంటలకు ఒకాయన ఆఫీసుకు వచ్చాడు. యాభై దాటిన మనిషి, తెల్లచొక్కా, నుదుట సన్నగా బొట్టు. బజారులో జంఖానాల దుకాణం ఉందన్నాడు. అరుస్తాడని సిద్ధంగా ఉన్నాను. అరవలేదు.

"మేడం, నిన్న మీరు రాసినాయన మా అమ్మకు నాయిన. నాకు తాత. మా అమ్మ నిన్నటి సంది బువ్వ ముడుతలేదు" అన్నాడు.

నా చేతిలో ఎర్రపెన్ను ఉంది. ఇప్పుడు తలుచుకుంటే అది నా కంట్లోనే పొడుచుకోవాలనిపిస్తుంది. ఏమన్నానో తెలుసా? "నేను సొంతంగా రాసింది కాదండీ. అప్పటి పేపర్లో ఉన్నదే రాశాను. తప్పైతే ప్రూఫ్ చూపించండి" అన్నాను.

ఆయన లేచాడు. "ప్రూఫ్ మా అమ్మ దగ్గర ఉన్నది. మీరే రాండ్రి మేడం, ఆమె నడువలేదు" అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ నమస్కారం కంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

ఇన్‌ఛార్జికి చెప్తే, "ఫికర్ చెయ్యకుండ్రి మేడం. సచ్చినోల్లు పరువునష్టం కేసెయ్యరు. మరీ లొల్లి జేస్తే లోపలి పేజీల రెండు లైన్ల సవరణ ఏద్దాం" అన్నాడు. ఆయన ఆ మాట అన్నాకనే నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే ఇంకెవరి విషయంలోనైనా నేనూ సరిగ్గా అదే అనేదాన్ని.

సాయంత్రం నాలుగింటికి బజారుకు వెళ్ళాను. దుకాణం ముందు, ఇల్లు వెనక. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆదివారం పేపరు ఆమె ఒళ్ళోనే ఉంది. సన్నటి మనిషి. గొంతు మాత్రం అంగట్లో బేరానికి అలవాటైన గొంతు.

"నువ్వేనా రాసింది?"

"నేనేనమ్మా."

"మంచిగ రాసినవ్. కతలెక్క రాసినవ్. కూసో."

కూర్చున్నాను. ఆమె పరుపు కిందనుంచి ఒక గుడ్డ మూట తీసి విప్పింది. పసుపుపచ్చబడిన గళ్ళ కాగితం. ప్రతి గడిలో ఒక అంకె గానీ, చుక్క గానీ, చిన్న గీత గానీ. ఆ పాత పత్రిక రాసిన రహస్యలిపి నా చేతుల్లోకి వచ్చింది.

"ఒకటి అంటె ఎర్రనూలు. రెండు అంటె నల్లది. చుక్కంటె తెల్లది" అంది. "మా నాయిన జంఖానాలకు పువ్వులు గీసెటోడు, బిడ్డా. గిది జూసే సాలోల్లు మగ్గం మీద ఏసెటోల్లు. దొరలు సీమ నుంచి జాబులు రాసి, గిసొంటి పువ్వు గావాలె, గిసొంటి అంచు గావాలె అని అడిగెటోల్లు. ఆనాడు కాజిపేటల బండి కోసం కూసోని, ఉత్తగ ఉండుడెందుకని గళ్ళు నింపుతాండు. గంతే. మా నాయినకు పని లేక కూసునుడు సాతగాకపోవు."

పోలీసులు ఆయన మాట నమ్మలేదు. పువ్వు ఎక్కడుంది, అన్నీ అంకెలే ఉన్నాయి కదా అన్నారు. రెండు నెలలు లోపల పెట్టారు. చివరికి ఒక ముసలి నేతగాడు పోలీసుల దగ్గరికి వెళ్ళి, కాగితం నాకియ్యండి, మీ ముందే నేస్తాను, పువ్వు రాకపోతే నన్నూ లోపలెయ్యండి అన్నాడట. పోలీసు అధికారి మగ్గం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నాలుగు రోజులు నేశాక మొదటి రేకులు కనబడ్డాయి. ఐదో రోజుకు పువ్వు విచ్చుకుంది.

"ఏడో రోజుకు ఇడిసిపెట్టిండ్రు" అంది ఆమె. "ఆ జంఖాన సుత ఆళ్ళే తీస్కపోయిండ్రు. మంచిగ కుదిరిందట."

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే ఇంకో కాగితం చేతిలో పెట్టింది, ఉర్దూలో ఉంది, కింద ముద్ర ఉంది. ఆమెకు ఉర్దూ చదవరాదు. నాకూ రాదు.

"ఇడిసిపెట్టిన కాయితం గిది. గని దీన్ని ఎవడు సదివిండు బిడ్డా? పేపరైతె బజారంత సదివిండ్రు. అప్పటి సంది మా దుకాణం పేరు జాసూసోల్ల దుకాణం. నన్ను బడిల జాసూస్ బిడ్డ అన్నరు. గూఢచారి బిడ్డ అన్నట్టు. రెండో తరగతిల బడి మానిన. అచ్చరాలు మా నాయినే ఇంట్ల నేర్పిండు, ఎందుకో ఎరుకేనా?"

తెలియదన్నాను.

"పేపరు సదువుటానికి. ఇడిసిపెట్టిన వార్త ఏస్తరు, ఎయ్యక ఎక్కడ పోతరు అని, దినాం పొద్దుగాల స్టేషన్‌కు పోయి చెన్నపట్నం పేపరు కొనుక్కచ్చెటోడు. ఆయనకు కండ్లు మసకలైనంక నేను సదివేది. ఇయ్యాల ఉన్నదా బిడ్డా అనెటోడు. లేదు నాయినా అనేదాన్ని. సచ్చిపోయిన నాడు పొద్దుగాల సుత అడిగిండు."

ఏడవకూడదని గట్టిగా అనుకుని, ఏడ్చేశాను.

"నువ్వెందుకేడుస్తవ్. ఇగ ఇను" అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. "జనం ఆ పేరు మరిచిపోయిండ్రు. మా ముసలోల్లందరు పోయిండ్రు, ఆల్లతోనే ఆ పేరు పోయింది. నేను సంబురపడ్డ. నిన్న ఎదురు దుకాణపాయన నా కొడుకుతోని, ఏంది షావుకారు, మీ తాత జాసూసట గద, మాకెన్నడు చెప్పకపోతివి అన్నడట. మల్ల మొదటికచ్చింది. నేను పోయేలోపట దీన్ని సక్కజెయ్యి. మా నాయిన పేరు నువ్వు ఎంత లావు అచ్చరాలల్ల ఏసినవో, గంత లావుల్నే ఎయ్యాలె. గా పేజీలనే ఎయ్యాలె. సన్నగ ఏసేటట్టయితె అసలే ఒద్దు."

అక్కడినుంచి నేరుగా గ్రంథాలయానికి వెళ్ళాను. పంతులుగారు ఉర్దూ కాగితం చదివి, నేరమేదీ రుజువు కాలేదని, విడిచిపెట్టమని ఉందన్నాడు. 'నేను చెప్పలేదా' అని ఆయన అనలేదు. నిచ్చెన తెచ్చి గోడకు వేసి, పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి ఎక్కాను. మంగళ, బుధ, రెండు రోజులు ఇద్దరం కూర్చుని, పట్టుబడిన రోజు నుంచి ఒక్కొక్క పేజీ తిప్పాం.

బుధవారం మధ్యాహ్నం పంతులుగారి వేలు ఒకచోట ఆగింది. పొగాకు ధరలకూ, తప్పిపోయిన ఎద్దు ప్రకటనకూ నడుమ ఒకే వాక్యం. 'గూఢచారియని అనుమానింపబడిన వర్తకుడొకడు నిర్దోషియని తేలి విడువబడెను.'

పేరు లేదు. ఊరు లేదు. కాజీపేట లేదు.

"ఏసిండ్రమ్మా" అన్నాడు పంతులుగారు మెల్లగా. "ఏసిండ్రు గని ఎవలిదో తెలువకుంట ఏసిండ్రు."

ఆ తండ్రి ఈ వాక్యం చదివే ఉంటాడు. తన పేరు కోసం వెతుకుతున్న మనిషి, 'వర్తకుడొకడు' తానేనని ఎట్లా అనుకుంటాడు? ఒకవేళ అనుకున్నా, బజారులో ఎవరికి చూపిస్తాడు? పట్టుకున్న రోజు ఆయన తండ్రి పేరు దాకా వెతికి వేసినవాళ్ళకు, విడిచిన రోజు ఆయన పేరే దొరకలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పాత ఎడిటరు ఎదురుగా ఉంటే చొక్కా పట్టుకునేదాన్ని.

ఆ మంట చల్లారకముందే శుక్రవారం వచ్చింది.

పొద్దున్నే నేను సగం పేజీ రాసుకుని వెళ్ళాను. మా ఇన్‌ఛార్జి అప్పటికే సవరణ రాసి ఉంచాడు. చాలా శ్రద్ధగా రాశాడు పాపం. 'గత ఆదివారం ప్రచురితమైన ఒక కథనంలో పేర్కొన్న వ్యక్తి నిర్దోషి అని మా దృష్టికి వచ్చింది. పొరపాటుకు చింతిస్తున్నాం.' తొమ్మిదో పేజీ, కింద.

"పేరేది సార్?" అన్నాను.

"తప్పును మల్ల పేరు పెట్టి చెప్పొద్దని రూల్ ఉన్నది గద మేడం. మీరే పిల్లలకు చెప్తరు."

చెప్పాను. నిజమే. సవరణలో తప్పును తిరిగి రాయకూడదనేది మా ఆఫీసు పద్ధతి, పదేళ్ళు నేనే అమలు చేశాను. సంచిలోంచి, పంతులుగారు చేత్తో ఎత్తి రాసిచ్చిన ఆ పాత వాక్యం తీసి, ఇన్‌ఛార్జి రాసిన కాగితం పక్కన పెట్టాను.

"రెండూ చదవండి సార్."

చదివాడు. మళ్ళీ చదివాడు.

"సేం టు సేం ఉన్నయి" అన్నాడు.

"డెబ్బై ఏళ్ళలో మనం నేర్చుకున్నది 'చింతిస్తున్నాం' ఒక్కటి."

"మేడం, గోటితోని పోయేదానికి గొడ్డలెందుకు? సగం పేజీ ఏస్తె హైదరాబాదుల నన్ను అడుగుతరు. మిగతా ఎడిషన్లోల్లందరు నవ్వుతరు. మనంతల మనమే మా పేపర్ల తప్పచ్చిందని డప్పు కొట్టుకుంటమా?"

"తప్పు డప్పు కొట్టే వేశాం కదా సార్. ముప్పై ఆరు పాయింట్లలో వేశాం. ఇది వెళ్ళకపోతే ఈ ఆదివారం నా పేజీయే లేదు. నేనూ లేను."

డెస్క్‌లో అందరూ నా వైపు తిరిగారు. నా గొంతు ఎప్పుడూ పెద్దదే గానీ, అది వేరే పెద్దతనం అని అందరికీ అర్థమైంది. ఇన్‌ఛార్జి తల గోక్కున్నాడు. గోడ గడియారం చూశాడు, పన్నెండున్నర. పేజీ వెళ్ళాల్సింది ఒంటిగంటకు. ఆయన లేచి టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. ఏనాడూ డబ్బా పట్టుకుని బయటికి వెళ్ళని మనిషి.

"నేను తినపోతాన. గంట దాక రాను. పేజీ నేను చూడలే. నాకేం తెల్వదు" అని, తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగి, "అచ్చుతప్పులు లేకుంట చూసుకోండ్రి" అన్నాడు.

ఆ మనిషికి నేను ఈ రోజుకూ దండం పెడతాను. ధైర్యం అందరికీ ఒకే తీరుగా ఉండదు, ఆయనకున్నంత ఆయన ఇచ్చాడు. సోమవారం హైదరాబాదు ఆదేశంతో నాకు మెమో వచ్చింది, కింద సంతకం ఆయనదే. ఆ మెమో ఇప్పటికీ నా దగ్గరుంది. ముప్పై ఏళ్ళలో నాకొచ్చిన మెమో అదొక్కటే, మిగతా ప్రశంసాపత్రాలు ఎక్కడ పెట్టానో తెలియదు.

ఒంటిగంట లోపు ఆ అరగంటలో పేజీ పెట్టాను. పైన ఆయన పేరు, ముప్పై ఆరు పాయింట్లు, 'గూఢచారి కాడు' అని. కింద గళ్ళ కాగితం ఫోటో, ఏ అంకె ఏ రంగో వివరంగా. ఆ రోజుల్లో పత్రికలు గూఢచారులను ఎట్లా తయారుచేసేవో రాశాను, ఆయనను ఎట్లా తయారుచేశాయో రాశాను, విడిచినప్పుడు పేరు ఎట్లా మింగేశాయో రాశాను. ఆఖరున, వాటిని చూసి ఆరు వారాలు నవ్విన నేను, నిచ్చెన ఎక్కడానికి బద్ధకించి అదే పని మళ్ళీ చేశానని, తప్పు నాదేనని నా పేరుతో రాశాను. 'పొరపాటు దొర్లింది' అని రాయడం ఎంత సుఖమో ఆ రోజు తెలిసింది. 'నేను తప్పు చేశాను' అని కొట్టడానికి పది నిమిషాలు పట్టింది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పేపరు పట్టుకుని బజారుకు వెళ్ళాను. కొడుకు ఆమెను కుర్చీతో సహా ఎత్తి దుకాణం గడప దగ్గర కూర్చోబెట్టాడు. బట్టల కొట్టు, ఇత్తడి సామాను కొట్టు తెరిచి ఉన్నాయి. కూరగాయల బండి ఒకటి ఆగి ఉంది. ఆమె పేపరు తీసుకుని ముందు తండ్రి పేరు మీద చెయ్యి పెట్టింది. జానెడు పేరు. వేళ్ళతో కొలిచింది. పోయిన వారం పేపరు పక్కన పెట్టుకుని అదీ కొలిచింది. సమానంగా ఉన్నాయని తేలాక నాకు తిరిగి ఇచ్చింది.

"నువ్వే సదువు. లేసి నిలవడి సదువు. గట్టిగ."

నిలబడ్డాను. డెస్క్ మీద అంతమంది మగవాళ్ళను అదలించిన గొంతు నాది. బజారులో నిలబడి చదవాల్సి వచ్చేసరికి వణికింది. మొదటి పేరాకు ఇత్తడి కొట్టాయన బయటికొచ్చాడు. జంఖానా పువ్వు దగ్గరికి వచ్చేసరికి పదిహేనుమంది పోగయ్యారు. 'వర్తకుడొకడు' అన్నచోట ఎవరో "అరె, గట్లెట్ల ఏస్తరు" అన్నారు. నా తప్పు దగ్గరికి వచ్చేసరికి నా కళ్ళకు అక్షరాలు కనబడలేదు, నోటికి వచ్చే ఉంది కాబట్టి చెప్పేశాను. అయిపోయింది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మంచిగున్నది" అంది. "మా నాయిన ఇనకపాయె."

నేను పేపరు మడిచి, వంగి ఆమె కాళ్ళు ముట్టుకోబోయాను. ఆమె నా భుజం పట్టుకుని ఆపింది. రోడ్డు అవతలికి చూస్తోంది. ఎదురు దుకాణపాయన అప్పుడే స్కూటర్ ఆపి, షట్టర్ పైకెత్తుతున్నాడు.

"ఆయన ఇప్పుడే అచ్చిండు" అంది. "మల్లొక్కపారి సదువు, బిడ్డా."

పేపరు విప్పి, అటువైపు తిరిగి, ఆమె తండ్రి పేరు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.